రెండు మూరల టేపు

జఫర్‌గఢ్,
19 జనవరి 1969

తమ్ముడు మధుకర్‌కు,

నువ్వు పట్నంలో చల్లగా ఉన్నావని ప్రతి ఆదివారం సాయంత్రం రేడియో చెబుతూనే ఉంది కాబట్టి క్షేమం అడగను. మేమూ బాగానే ఉన్నాం. నువ్వు పంపిన ట్రాన్సిస్టరు కోసం మీ బావ గోడ పక్కన వెదురుబొంగు పాతి, దాని కొస దాకా తీగ లాగాడు. గరగర చాలా తగ్గింది. ఆదివారం వచ్చిందంటే మా వాకిలి జాతరలా ఉంటోంది. నీ కార్యక్రమం అయ్యేదాకా ఎవరూ కదలరు. అయ్యాక అందరూ మీ బావ ముఖం చూస్తారు, ఆయన ఆకాశం చూస్తాడు.

డిసెంబరులో నువ్వు ఆ రికార్డింగు పెట్టె మోసుకొచ్చి ఆయన ఆడే చిరుతల రామాయణం టేపు మీద పట్టుకుపోయినప్పటి నుంచి ఇంట్లో ఇదే గోల. ఇన్నేళ్లు రావణుడి వేషం కట్టినా ఊరు దాటి పేరు రాలేదు, ఇప్పుడు రాజ్యమంతా వింటుందని ఆయన ఆశ. నేను విసుక్కుంటే, "మధుకర్ మర్శిపోడు తీ. ఆయినెకు సవాలక్ష పనులుంటయి" అని నాకే సర్దిచెబుతాడు.

ఇంకో సంగతి. రేడియోలో నీ పేరు చెప్పకపోతే అది నువ్వని నేను పోల్చుకోలేను. రఘునాథపల్లిలో మన చేను గట్టు మీద నిలబడి పిట్టల్ని అదిలించిన గొంతు కాదది. మీ బావ పక్కన చిరుతలు పట్టి తాళం వేసే పూల్‌సింగ్ నీకు తెలుసు కదా, మానుకోట దగ్గరి తండా మనిషి. వాళ్లింట్లో మాట్లాడేది లంబాడీ, తెలుగు నేర్చుకున్న భాష. ఆయనకు కూడా అనుమానం వచ్చింది. "అక్కా, గీయిన మన మధుకరేనా, ఇంకొగలా?" అని అడిగాడు. అయినా నేను మాత్రం తక్కువ తిన్నానా? కాగితం ముందు కూర్చుంటే బడిపంతులు బెత్తం గుర్తొచ్చి నాకూ పుస్తకాల భాషే వస్తుంది.

ఎప్పుడు వేస్తావో రాయి. ఇంటాయన్ని భరించలేకపోతున్నాను.

ఆశీస్సులతో,
నీ అక్క రాజమణి

హైదరాబాద్,
9 ఫిబ్రవరి 1969

అక్కకు, బావకు నమస్కారాలు.

నీ జాబు చదివి నవ్వుకున్నాను, కొంచెం నొచ్చుకున్నాను కూడా. నా గొంతు మారిందంటావు. మారకపోతే మైకు ముందు కూర్చోనిచ్చేవారు కాదక్కా. చేరిన మొదటి ఏడాది ఒకసారి "గిట్ల" అని నోరు జారితే గదిలో అందరూ నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ రోజు నుంచి అద్దం ముందు నిలబడి మాట నేర్చుకున్నాను. ఇప్పుడు పత్రికలో వారం వారం సాహిత్య వ్యాసం నాదే, రేడియోలో ఆదివారం కళల కార్యక్రమం నాదే. ఇంకా ఒప్పందం మీదే ఉన్నాను. దసరా ముందు పర్మనెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందంటున్నారు. అది దక్కితే ఇక నాకు దిగులు లేదు.

బావ టేపు సిద్ధం చేశాను. మా పని ఎలా ఉంటుందో ఆయనకు చెప్పు. టేపును ముందుకూ వెనక్కూ తిప్పుతూ చెవితో వెతుకుతాం. అక్కర్లేని చోట బ్లేడుతో కోసి తీసేసి, రెండు కొసలూ అతికిస్తాం. వినేవాడికి అతుకు తెలియకూడదు, అదే పనితనం. రావణుడు సభలో గర్జించే ముందు బావ దగ్గి, నీళ్లడిగి, ఆగాడు. ఆ ముక్క తీసేశాను. పది తలలవాడు లంకలో మంచినీళ్లకు మొహం వాచినట్టుంటే ఏం బాగుంటుంది చెప్పు!

ఇక్కడ విద్యార్థుల ఊరేగింపులతో ఊరంతా అట్టుడుకుతోంది. తెలంగాణ అన్న మాట వినబడితే పై అధికారులు ఉలిక్కిపడుతున్నారు. ఊళ్ల కార్యక్రమాలన్నీ కొన్నాళ్లు ఆపారు. బావను కాస్త ఓపిక పట్టమను.

మీ మధుకర్

జఫర్‌గఢ్,
20 ఏప్రిల్ 1969

తమ్మీ,

నీ జాబు మీ బావకు చదివి వినిపించి తప్పు చేశాను. కోత సంగతి వచ్చేసరికి లేచి చేను వైపు వెళ్లిపోయాడు. పొద్దుగూకాక వచ్చి, చేతులు కడుక్కుంటూ అన్నాడు: "నా దగ్గు దీసిండు, మంచిదే. నా మాటెందుకు దీసిండు? నీళ్లడుగుడు గూడ తప్పేనా?" అలా కాదని నేనెంత చెప్పినా వినలేదు. నువ్వు మమ్మల్ని చూసి సిగ్గుపడుతున్నావని ఆయన మనసులో పడిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం పడింది.

మొన్న పూల్‌సింగ్‌ను వెంటబెట్టుకుని జనగామలో తెలంగాణ సభకు పోయాడు. తిరిగొచ్చేసరికి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. దగ్గు ఆగడం లేదు. తుండుగుడ్డ నా కంటపడకుండా తనే ఉతుక్కుంటున్నాడు. ఎందుకో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. వరంగల్ దవాఖానకు పోదామంటే, "ఉద్యమం సల్లవడనియ్యి, పోదాం" అంటాడు.

ఒక్క ఆదివారం ఆయన గొంతు వినిపించు తమ్మీ. మందుకంటే అదే పనిచేస్తుందేమో. నేను ఎవరినీ ఇంతగా ఏదీ అడిగిందాన్ని కాదు.

నీ అక్క

హైదరాబాద్,
30 మే 1969

అక్కా,

ఇక్కడ కర్ఫ్యూలతో టపా ఎప్పుడు కదులుతుందో తెలియదు, అయినా రాసి పడేస్తున్నాను. బావ అలక తీర్చే మందు నా దగ్గరుంది. వాన కాలం రాగానే మళ్లీ పెట్టె పట్టుకుని వస్తాను, రామాయణం మొత్తం కొత్తగా రికార్డు చేద్దాం. అప్పటిదాకా బుగ్గన కరక్కాయ పెట్టుకోమను. ఈసారి రావణాసురుల వారు దగ్గు లంకలోనే వదిలి రావాలని రేడియో వారి ఆజ్ఞ!

పత్రికలో నా వ్యాసాలను పై అధికారి ఒకాయన మెచ్చుకున్నాడు. కత్తిరింపులన్నీ కట్టగట్టి దాస్తున్నాను, ఇంటర్వ్యూలో చూపించడానికి.

మీ మధుకర్

జఫర్‌గఢ్,
22 జూన్ 1969

మధుకర్‌కు,

మీ బావ పోయాడు. కరక్కాయ జాబు ఆయన పదకొండోనాడు చేరింది. అందరి మధ్యా పూల్‌సింగ్ కవరు తెచ్చి ఇస్తే, నువ్వు వస్తున్నావని రాశావనుకుని విప్పాను.

ఆ రోజు బందు. నెత్తురు కక్కుకున్నాడు. తొర్రూరు నుంచి వరంగల్ పోయే బస్సులు లేవు. బందు విజయవంతం కావాలని వాడవాడా తిరిగి చెప్పింది ఆయనే. బండి కట్టాం. దారిలో నీళ్లడిగాడు. ఆదరాబాదరాగా బయలుదేరి నేను చెంబు మరిచాను. పూల్‌సింగ్ బండి దూకి, బావి వెతుక్కుంటూ చేలకడ్డం పడి ఉరికాడు. తలపాగా తడిపి, ఆయన నోట్లో పిండుదామని పట్టుకొచ్చేసరికి అయిపోయింది.

నీకు టెలిగ్రాం ఇప్పించాను. నువ్వు రాలేదు. ఆ ఆదివారం సాయంత్రం ఎవరో అలవాటు కొద్దీ ట్రాన్సిస్టరు పెట్టారు. నువ్వు మాట్లాడుతున్నావు. ఏదో నాటకం గురించి చెబుతూ మధ్యలో నవ్వావు కూడా. నేను పెట్టె మీద దుప్పటి కప్పాను. దుప్పటి కింద నుంచి కూడా నవ్వావు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. కోడికూర, గుడాలు, కల్లు, బీడీకట్ట, ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాం. కాకి వచ్చి గోడ మీద వాలింది, ముట్టలేదు. నన్ను బాగా చూసుకుంటామని మరిది మాట ఇచ్చాడు. ముట్టలేదు. చేను అమ్మబోమన్నారు, ముట్టలేదు. ఎండ నెత్తికెక్కింది. జనం భయంతో నా వైపు చూడడం మానేశారు. చివరికి పూల్‌సింగ్ ముందుకొచ్చి దండం పెట్టి అన్నాడు: "గోవర్ధనన్నా, నీ గొంతు రేడియోల వస్తది. మధుకర్ తెస్తడు. నేను జబానిస్తున్న, ఇగ ముట్టు." అది వెంటనే దిగి ముట్టింది.

నీ పేరు మీద ఊరు మాట ఇచ్చింది. నీకు తెలియాలని రాస్తున్నాను.

రాజమణి

హైదరాబాద్,
29 జూన్ 1969

అక్కా,

నాకు టెలిగ్రాం రాలేదు. బావ మీద ఒట్టు, రాలేదు. నువ్వు విన్న నవ్వు ముందు గురువారం రికార్డు చేసింది. నవ్విన మనిషి అప్పటికి గదిలో కర్ఫ్యూలో పడి ఉన్నాడు, ఏమీ తెలియక. నా గొంతు ఒకచోట, నేను ఒకచోట ఉండడం ఇన్నాళ్లూ నాకు గొప్పగా ఉండేది.

మాసికానికి వస్తున్నాను. పూల్‌సింగ్ ఇచ్చిన మాట నా మాటే. రేపే టేపు తీయిస్తాను. పై వాళ్లు కాదన్నా సరే, ఆదివారం నా చేతిలో ఉంది. బావ గొంతు వస్తుంది.

మధుకర్

జఫర్‌గఢ్,
24 ఆగస్టు 1969

తమ్మీ,

మాసికానికి వచ్చావు. అన్నం కెలికి లేచావు. టేపు సంగతి నేను అడుగుతానేమోనని బస్సు వేళ కాకముందే సంచి భుజాన వేసుకున్నావు. నేను అడగలేదు, నీ ముఖం చూసి భయమేసింది. ఇప్పుడు అడుగుతున్నాను.

ప్రతి ఆదివారం నీ కార్యక్రమం వేళకు ఒక కాకి వచ్చి వెదురుబొంగు కొస మీద కూర్చుంటోంది. అరవదు. కార్యక్రమం అయ్యేదాకా ఉండి వెళ్లిపోతుంది. మొదట నాకే అనిపిస్తోందనుకున్నాను. పక్కింటి లచ్చవ్వ మనవరాలు కూడా చూసింది. ఇప్పుడు ఊరంతా దాన్ని చూడడానికే కూర్చుంటున్నారు. బొంగు పీకేద్దామని ఒకరోజు గడ్డపార తీసుకున్నాను, చేతులు రాలేదు. అది రాని ఆదివారం ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోయాను మరి.

ఊళ్లో కుర్రవాళ్లు రగిలిపోతున్నారు. మన మాట అని రేడియోవాళ్లు తొక్కిపెట్టారంటున్నారు. భూపాలపల్లి నుంచి మీ బావ చిన్నాయన కొడుకు నేరుగా మనుషుల్ని వెంటేసుకొచ్చి, "ఆఫీసు ముంగట కూసుంటం. ఎట్ల ఎయ్యరో సూద్దాం" అన్నాడు. వద్దని ఆపి ఉంచాను. తొక్కిపెట్టారా? నిజం చెప్పు. తొక్కిపెడితే నేనే ముందు కూర్చుంటాను.

నీ అక్క

హైదరాబాద్,
7 సెప్టెంబరు 1969

అక్కా,

ఎవరూ తొక్కిపెట్టలేదు. అంతకంటే చిన్న సంగతి. టేపు చెరిగిపోయింది.

మా దగ్గర టేపుకు కరువు. వాడిన టేపు చెరిపి దాని మీద మరొకటి ఎక్కించడం మామూలు. ఉంచాల్సిన దానికి ఎర్ర చీటీ అంటించాలి. నేను అంటించలేదు. ఎలాగూ వానల్లో వచ్చి దగ్గు లేకుండా మళ్లీ రికార్డు చేస్తాను కదా అనుకున్నాను. బావ ఎక్కడికి పోతాడు అనుకున్నాను.

ఇప్పుడు దాని మీద వరి తెగుళ్ల గురించి ఒక అధికారి ప్రసంగం ఉంది. మొదటి నుంచి చివరి దాకా విన్నాను, ఒకసారి కాదు. ఆ అధికారి మాటకూ మాటకూ మధ్య ఆగినప్పుడల్లా బావ ఊపిరి వినబడుతున్నట్టుంటుంది. మళ్లీ తిప్పి వింటే ఉండదు. తోటి వాళ్లు నన్ను వింతగా చూస్తున్నారు.

మాసికం నుంచి తిరిగొచ్చి భూపాలపల్లి పోయాను. బావ అక్కడ వేషం కట్టినప్పుడు అటవీ శాఖ ఉద్యోగి ఒకాయన పెట్టెతో వచ్చి రికార్డు చేసుకున్నాడని ఎవరో చెప్పారు. ఆయన మంచివాడు, ఉన్న రీళ్లన్నీ వేసి వినిపించాడు. అన్నీ అడవిలో పిట్టల కూతలు. అవి వింటూ ఆయన ముందే ఏడ్చాను.

నా దగ్గర ఏమీ లేదక్కా. ఊరికి ఏం చెబుతావో నీ ఇష్టం.

మధుకర్

జఫర్‌గఢ్,
15 సెప్టెంబరు 1969

మధుకర్‌కు,

ఎవరికీ చెప్పలేదు. చెబితే పూల్‌సింగ్ బతకడు. చనిపోయిన మనిషికి అబద్ధం చెప్పి కూడు ముట్టించానని కుమిలిపోతాడు. ఇప్పటికే ఆ వెదురుబొంగు వైపు తలెత్తి చూడడం లేదు.

మనుషులకు నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను. దానికి మాత్రం నువ్వే చెప్పాలి. ఆదివారం వచ్చి కూర్చుంటోంది. అంతవరకు నాకు రాయకు.

హైదరాబాద్,
8 అక్టోబరు 1969

అక్కా,

రాయవద్దన్నావు. రాయక తప్పడం లేదు.

వచ్చే సోమవారం ఇంటర్వ్యూ. చూపించడానికి నా వ్యాసాల కట్ట విప్పాను. దాన్ని టేపు ముక్కలతో కట్టి ఉంచాను. కోసి పారేసినవి రేడియో స్టేషన్ గదిలో మేకుకు వేలాడదీస్తాం. గట్టిగా ఉంటాయని నేను కొన్ని ఇంటికి తెచ్చుకుని దారంలా వాడుకుంటాను. కట్ట విప్పుతుంటే చెయ్యి ఆగింది. ఆ ముక్కలన్నీ పట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తాను. ఒక్కొక్కటే మిషన్ మీద వేసి విన్నాను. ఎవరో గాయకురాలి ఊపిరి వచ్చింది, ఒక తలుపు చప్పుడు వచ్చింది. తర్వాత బావ వచ్చాడు.

రెండు మూరల టేపు. ముడులు పడి నలిగింది కానీ గొంతు బాగానే ఉంది. ముందు దగ్గు. ఆ తర్వాత, "ఆగుర్రి జర. మంచినీళ్లు తాగి చెప్త."

అంతే ఉంది. బావ మొత్తం రామాయణంలో నేను పనికిరాదని తీసేసిందే మిగిలింది. ఆ దగ్గును నేను శబ్దంగానే విన్నానక్కా. ఇన్నేళ్లు చెవి పెట్టి బతికినవాణ్ణి, మనిషి జబ్బుపడ్డాడని నా చెవికి తట్టలేదు.

ఆ మాట నీకు ఎలా తగులుతుందో తెలుసు. బండి సంగతి నువ్వు రాసింది నేను మరవలేదు. వద్దంటే ఈ జాబు అందగానే టెలిగ్రాం ఇవ్వు, ఆపేస్తాను. ఇవ్వకపోతే 12వ తేదీ ఆదివారం పెట్టె దగ్గర ఉండు. ఈసారి ముందుగా రికార్డు చేయను, మైకు ముందు నేనే ఉంటాను. సంతకమైన కాగితం మీద ఉన్నదే చదవాలని నియమం. చదవను. ఆ ముక్కను ఒక రీలుకు అతికించాను. అతుకు తెలిసినా ఫరవాలేదు. సోమవారం ఇంటర్వ్యూ ఉంటుందో ఉండదో చూద్దాం.

మధుకర్

జఫర్‌గఢ్,
14 అక్టోబరు 1969

తమ్మీ మధుకర్,

టెలిగ్రాం ఇద్దామని తొర్రూరు దాకా పోయాను. తపాలా ఆఫీసు మెట్ల మీద చాలాసేపు కూర్చుని తిరిగొచ్చాను. సోమవారం ఏమన్నారో నువ్వు ఇంకా రాయలేదు. వాళ్లు పొమ్మంటే ఇంటికి రా. ఇక్కడ నీ భాషకు ఎవరూ నవ్వరు.

ఆదివారం ఊరంతా వచ్చింది. భూపాలపల్లి వాళ్లూ వచ్చారు. పూల్‌సింగ్ దూరంగా, కొట్టం దగ్గర నిలబడ్డాడు. నువ్వు ఎప్పటిలాగే నమస్కారం చెప్పావు. తర్వాత కాగితాలు పక్కకు నెట్టిన చప్పుడు వినబడింది. అప్పుడు నువ్వు, "మా బావ గోవర్ధన్ గురించి చెప్త. ఆయినె మాట దీసేసినోన్ని నేనే" అన్నావు. మన ఇంట్లో మాట్లాడినట్టు, మన చేను గట్టు మీద మాట్లాడినట్టు అన్నావు. కొట్టం దగ్గర నుంచి పూల్‌సింగ్, "గిప్పుడు మధుకరే" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్ల తర్వాత నువ్వు ఇంటికి వచ్చినట్టయింది.

నువ్వు ఆయన చిరుతల గురించి, వేషం గురించి, బందు రోజు గురించి చెప్పావు. టేపు ఎలా చెరిగిందో కూడా దాచకుండా చెప్పావు. కుర్రవాళ్లు తలలు దించుకున్నారు. కోపం తెచ్చుకోవడానికి ఎవరూ మిగల్లేదు వాళ్లకు. తర్వాత నీ గొంతు ఆగింది.

దగ్గు వచ్చింది. వాకిట్లో ఉన్న వాళ్లందరం ఒక్కసారిగా ఇంటి తలుపు వైపు తిరిగాం. పెట్టె వైపు కాదు, తలుపు వైపు. నేను కూడా. ఆయన లోపల నుంచి తుండుగుడ్డ భుజాన వేసుకుని వస్తాడన్నట్టే చూశాం. ఆ తర్వాత ఆ మాట వచ్చింది.

ఇక ఏమీ రాలేదు. తర్వాతి కార్యక్రమం పాట మొదలయ్యాక ఎవరో పెట్టె కట్టేశారు. ఎవరూ లేవలేదు. ఆయన ఇంకా చెప్పాల్సింది ఉందన్నట్టు అలాగే కూర్చున్నారు. లచ్చవ్వకు కళ్లు సరిగా కనబడవు, ఎవరు ఉన్నారో ఎవరు పోయారో కూడా ఈ మధ్య గుర్తుండడం లేదు. ఆమె నా మీద కేకలేసింది: "ఓ పిల్లా, గోవర్ధన్ నీళ్లడుగుతుండు. ఇనస్తలేదా నీకు? లేచి ఇయ్యరాదు!"

మూడోనాడు కల్లు పెట్టాం, కూర పెట్టాం, బీడీలు కూడా పెట్టాం. మంచినీళ్లు పెట్టాలని మాలో ఒక్కరికీ తోచలేదు. లోపలికి పోయి, ఆ రోజు బండిలో మరిచిన చెంబే తీశాను. తోమి, నిండా ముంచుకుని వచ్చి, వెదురుబొంగు పక్కన గోడ మీద పెట్టాను. పైన కాకి ఉందో లేదో నేను చూడలేదు. నీళ్లు కుదురుకునే దాకా చెంబు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. సిగ్గేమీ అనిపించలేదు, ఊరందరి ముందే గట్టిగా అన్నాను:

"తాగు. నిమ్మళంగ తాగి చెప్పు. మేమేడికి పోం."

నీ అక్క
రాజమణి